చెట్టు తాగిన నీళ్ళు

మాది అనంతపురం జిల్లా. చెట్లుంటేనే వానలని బళ్ళో చదువుకుంటూ పెరిగినవాణ్ణి. జోహాన్నెస్‌బర్గ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కుదిరి నాలుగు డబ్బులు చేతికి రాగానే, 2010లో, మా మెట్ట చేలో జామాయిల్ మొక్కలు పెట్టించమని నాయనకు పంపాను. “వానల మాట సరేరా, బావికి ఎగువన ఇన్ని నోళ్ళు పెడితే ఎట్లా?” అన్నాడాయన. నవ్వేశాను.

ఆ ప్రశ్న నేనుంటున్న దేశంలో ఏనాడో పుట్టిందని తర్వాత తెలిసింది.

దక్షిణాఫ్రికాలో సగటు వర్షపాతం ఏడాదికి 500 మిల్లీమీటర్ల లోపే. సహజంగా అక్కడ ఉన్నవి ఎక్కువగా గడ్డి, పొదలు. 1876లో వూస్టర్ దగ్గర రైలింజన్ల కట్టెల కోసం చెట్లు నాటారు. తర్వాత గనులకు దుంగలు, కాగితానికి గుజ్జు కావాల్సి వచ్చి, జామాయిల్, పైన్ తోటలు లక్షల ఎకరాలకు పాకాయి. వాగులు ఎండుతున్నాయని దిగువ రైతులు మొరపెట్టుకున్నారు. 1935లో ఇక్కడ జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య అటవీ మహాసభలో ఆ తగాదా చర్చకొచ్చింది. వాదన మాని కొలిచి చూద్దామని కేప్‌టౌన్ సమీపాన యోంకర్స్‌హుక్‌లో ప్రయోగాలు మొదలుపెట్టారు.

నన్ను ఆపేసింది మాత్రం మొకొబులాన్ లెక్క. ఇది లైడెన్‌బర్గ్ దగ్గరి కొండ ప్రాంతం. వాన బాగానే పడుతుంది. 1969లో అక్కడ ఒక గడ్డి లోయ నిండా జామాయిల్ నాటారు. తొమ్మిదో ఏట వాగు పూర్తిగా ఎండిపోయింది. గడ్డి చలికాలంలో ఎండి ఊరుకుంటుంది. జామాయిల్ ఏడాది పొడుగునా, లోతు వేళ్ళతో తాగుతూనే ఉంటుంది. పదహారేళ్ళ వయసులో చెట్లన్నీ కొట్టేశారు. అయినా వాగు మళ్ళీ ఏడాదంతా పారడానికి ఐదేళ్ళు పట్టింది. పడ్డ వాన ముందు నేల లోపలి బాకీ తీర్చాలి కదా!

1972లో కొత్త తోటలకు అనుమతి తప్పనిసరి చేశారు. 1995లో ‘వర్కింగ్ ఫర్ వాటర్’ పథకం పేదలకు కూలి ఇచ్చి పరాయి జాతి చెట్లను కొట్టించసాగింది. 1998 నాటి జల చట్టం వాణిజ్య వనాల పెంపకాన్ని ఏటి నీటిని తగ్గించే పనుల్లో చేర్చింది.

చెట్లు నాటొద్దని కాదు. బుర్కినా ఫాసోలో జరిగి 2016లో వెలువడిన పరిశోధన ప్రకారం, చెట్లు పలుచగా ఉన్న చేలల్లో, అసలు లేనిచోటకన్నా, దట్టంగా ఉన్నచోటకన్నా ఎక్కువ నీరు లోతుకు ఇంకుతుంది. ఏ చెట్టు, ఎన్ని, ఎక్కడ అన్నదే అసలు విషయం.

మా బావి ఎండి చాలా ఏళ్ళయింది. చుట్టూ బోర్లు పెరిగాయి. నేరమంతా చెట్లదే అనను. మొన్న నాయన ఫోన్ చేశాడు. “కోత అయింది. మోళ్ళు మళ్ళీ చిగురిస్తున్నాయి. ఉంచేదా, పీకించేదా?”

“పీకించు నాయనా. గట్ల మీద దూరదూరంగా కానుగ, చింత పెట్టిద్దాం.”

“బావిలోకి నీళ్ళెప్పుడొస్తాయి?”

మొకొబులాన్‌లో ఐదేళ్ళు పట్టిందని చెప్పాను. మా బోర్ల ఊళ్ళో ఇంకెన్నాళ్ళో. ఆయనకు డెబ్బై ఎనిమిది.

“సరే, రేపే మనుషుల్ని పిలుస్తా,” అన్నాడు.