పులికాట్ గుల్లసున్నం

పాత చిత్తూరు జిల్లాకు సముద్రం లేదు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన తిరుపతి జిల్లాలో నెల్లూరు జిల్లా నుంచి సూళ్లూరుపేట, గూడూరు ప్రాంతాలు చేరడంతో, కొండల సీమగా పేరుబడిన ఈ నేలకు బంగాళాఖాతపు ఒడ్డూ, చిలికా తరువాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సైన పులికాట్‌లో అధిక భాగమూ దక్కాయి. ఆ సరస్సు ప్రసిద్ధి నేడు కొంగలదీ రాజహంసలదీ అయినా, కట్టడాల చరిత్రలో దాని స్థానం గుల్లలది.

గుల్ల అంటే ఆల్చిప్ప వంటి జలచరం చనిపోగా మిగిలే గట్టి పెంకు. తరతరాల పెంకులు బురద కింద పొరలుగా పేరుకొని ఉంటాయి. ఈశాన్య రుతుపవనాల వరద తీసి, మాఘ ఫాల్గుణాలకు నీరు పలచబడుతుంది గనుక, లోతులేని నీటిలో దిగి గంపలతో ఏరుకునే పనికి అది అనువైన కాలం. ఏరిన గుల్లలను కడిగి, బట్టీలో బొగ్గుతోనో కట్టెలతోనో పొరలు పొరలుగా పేర్చి కాలిస్తే, వాటిలోని బొగ్గుపులుసు వాయువు పోయి పొడిసున్నం మిగులుతుంది. దానికి నీరు పోయగానే కుతకుత ఉడికి మెత్తని పిండి అవుతుంది. ఇసుకతో కలిపి గానుగలో, అంటే గుండ్రని కాలువలో ఎద్దులు తిప్పే రాతి చక్రం కింద, నూరితేనే అది గోడకు పట్టే అడుసు. తాంబూలంలోకి వేరుగా, మరింత నలగ్గొట్టి తేర్చిన సున్నం కావాలి.

ఈ సున్నానికి పెద్ద గిరాకీ తెచ్చింది మద్రాసు. చంద్రగిరి రాజుల ఏలుబడిలోని దామర్ల నాయకులు 1639లో ఆంగ్లేయులకు ఇచ్చిన తీరపు ఊరు నగరమయ్యాక, గుల్లసున్నంలో గుడ్డు తెల్లసొన, పెరుగు, నెయ్యి కలిపి నునుపుగా రుద్దిన గోడలను యూరోపియన్ యాత్రికులు చలువరాయితో పోల్చారు. ఆ పూత మద్రాసు పేరుతోనే ప్రసిద్ధమైంది. నడుము వంచి గుల్ల ఏరిన పేదల పేరు ఎక్కడా చేరలేదు, అది చరిత్ర రచనలో పూడ్చవలసిన లోటు. 1806లో మొదలై 1878లో బకింగ్‌హాం పేరు పొందిన కాలువ వచ్చాక సరుకు పడవలకు దారి సులువైంది. శ్రీహరికోట దీవి అడవి కట్టెలు ఆ దారినే మద్రాసు పొయ్యిలకు చేరాయి. ఆ దీవిని నివాసంగా చేసుకొని అడవినీ నీటినీ నమ్ముకొని బతికిన యానాదులు, 1969లో అది రాకెట్ కేంద్రానికి ఎంపికయ్యాక, చోటు మారవలసి వచ్చింది.

దేశంలో సిమెంటు తయారుచేయాలన్న తొలి ప్రయత్నాల్లో ఒకటి 1904లో మద్రాసులో సముద్రపు గుల్లలతోనే జరిగి విఫలమైంది. తరువాత సున్నపురాతితో వచ్చిన సిమెంటు బట్టీలనూ గానుగలనూ దాదాపు మాపివేసింది. అయితే పాత ఇటుక గోడకు సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి రాలేక ఇటుకే చిట్లుతుంది గనుక, పురాతన కట్టడాల మరమ్మతుకు సున్నాన్ని కాల్చి మాగబెట్టడం తెలిసిన పనివాళ్లను ఇప్పటికీ వెతకవలసి వస్తోంది.