ఫైబ్రోమయాల్జియా: కండరం నుంచి నరం దాకా

ఒళ్లంతా నెలల తరబడి వీడని నొప్పి, నిద్ర లేచేసరికి బిగుసుకుపోయే కండరాలు, చేతుల్లో, కాళ్లలో తిమ్మిర్లు, మంటలు కలగలిసి వచ్చే ఫైబ్రోమయాల్జియాకు వైద్యులు దశాబ్దాల పాటు కండరాల్లోనే కారణం వెతికారు. 1904లో లండన్ నాడీవైద్యుడు విలియం గోవర్స్, కండరాల్లోని పీచు కణజాలం వాచడమే ఈ బాధకు మూలమని భావించి దీనిని ఫైబ్రోసైటిస్ అన్నాడు. అదే ఏడాది గ్లాస్గోలో రాల్ఫ్ స్టాక్‌మన్ రోగుల కండరాల నుంచి తీసిన ముక్కల్లో వాపు కనిపించిందని ప్రకటించినా, తర్వాతి పరిశోధనలు దానిని ధ్రువీకరించలేదు.

వాపు దొరకకపోయేసరికి అనుమానం రోగి మనసు మీదికి మళ్లింది. రెండవ ప్రపంచయుద్ధ కాలపు సైనిక వైద్యంలో ఇటువంటి నొప్పులను మానసికమైనవిగా లెక్కకట్టడం పరిపాటి అయింది. పరీక్షకు అందనంత మాత్రాన బాధను ఊహగా కొట్టిపారేసిన ఆ ధోరణి రోగులకు చేసిన అన్యాయం చిన్నది కాదు.

1975లో టొరంటోలో హార్వే మోల్డోఫ్‌స్కీ బృందం ఆరోగ్యవంతులకు గాఢనిద్ర పట్టినప్పుడల్లా దానిని చెదరగొట్టగా, వారి కండరాల్లోనూ ఇటువంటి నొప్పులే తలెత్తాయి. మరుసటి ఏడాది, వాపు ప్రసక్తి లేని ఫైబ్రోమయాల్జియా అనే పేరు వాడుకలోకి వచ్చింది. 1990లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ అనే వైద్యుల సంఘం ఏర్పరచిన ప్రమాణాల ప్రకారం, వైద్యుడు మెడ, భుజాలు, మోకాళ్ల వంటి 18 చోట్ల బొటనవేలితో సుమారు నాలుగు కిలోల ఒత్తిడి పెట్టి నొక్కినప్పుడు కనీసం 11 చోట్ల నొప్పి పుట్టాలి. ఈ లెక్కలో తిమ్మిర్లకు చోటే లేదు. 2010 ప్రమాణాలు ఈ నొక్కుడు పరీక్షను పక్కన పెట్టి, అలసటను, నిద్రలేమిని, తిమ్మిర్ల వంటి ఇతర లక్షణాలను కూడా పరిగణించాయి.

ఇక ఆ తిమ్మిర్ల విషయానికి వస్తే, నరాల్లో విద్యుత్ సంకేతాల వేగాన్ని కొలిచే మామూలు పరీక్ష పెద్ద నరతంతువులను మాత్రమే పట్టుకోగలదు. నొప్పిని, వేడిని మోసుకుపోయే అతిసన్నని తంతువుల సంగతి దానికి తెలియదు. 2013లో జర్మనీలోని వూర్జ్‌బర్గ్ పరిశోధకులు చర్మపు చిన్న ముక్కలను సూక్ష్మదర్శిని కింద పరిశీలించగా, ఫైబ్రోమయాల్జియా రోగుల్లో ఈ సన్నని తంతువులు తగ్గినట్టు తేలింది; నొప్పి లేని కుంగుబాటు రోగుల్లో ఆ తగ్గుదల కనిపించలేదు. తంతువుల నష్టం రోగులందరిలోనూ ఉండదు, అది నొప్పికి కారణమా కాదా అన్నదీ తేలలేదు. అయినా మామూలు నరాల పరీక్ష సవ్యంగా ఉందన్న ఒక్క ఆధారంతో రోగి చెప్పే తిమ్మిరిని, మంటను కాదనే హక్కు వైద్యుడికి లేదు.