రక్తము, రక్షణ, ఏకాగ్రత

బడిలో కూర్చున్న బాలుని మనస్సు పాఠముపై నిలువనప్పుడు లోకము సామాన్యముగా రెండు మాటలు చెప్పును. ఒకటి బద్ధకము, రెండవది అల్లరి. 1902లో జార్జి స్టిల్ అను శిశువైద్యుడు లండను నగరమున చేసిన ఉపన్యాసములలో ఇట్టి పిల్లలను వర్ణించి, తెలివికి లోటు లేకున్నను నిలకడ తప్పుటకు శరీరమునందే కారణము ఉండవచ్చునని సూచించెను. శరీరము తన్ను తాను రోగములనుండి కాచుకొను శక్తి తగ్గుటకును, మనస్సు ఏకాగ్రత కోల్పోవుటకును సంబంధము కలదా అను ప్రశ్న అటుపిమ్మట పుట్టినది. దానికి ఒక స్పష్టమైన సమాధానము దూరదేశములలోనే గాక, మన గోదావరి మన్యమునందును కలదు.

కిన్నెరసాని గోదావరితో కలియు తావునకు చేరువనున్న ఊరు బూర్గంపాడు. నిజాము కాలమున ఇది హైదరాబాదు రాజ్యములోనిది. ఆవలిగట్టుననున్న భద్రాచలము 1860 నుండి ఆంగ్లేయుల పాలనలోనిది. 1959లో భద్రాచలము ఖమ్మము జిల్లాలో చేరినది. 2016లో ఈ ప్రాంతము భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోనికి వచ్చినది. పాలకులు మారిరి, ఎల్లలు మారినవి. మారనివి రెండు: ఇరుగట్టులందును నివసించు కోయజనము, వారిని తరతరములుగా వెన్నాడిన మన్యపు జ్వరము.

ఆ జ్వరమును మోయునది దోమయని రొనాల్డ్ రాస్ కనుగొన్నది సికిందరాబాదులోనే. 1897 ఆగస్టు 20వ తేదీన ఆయన దోమ కడుపులో మలేరియా క్రిమిని చూచెను. పదమూడేండ్లకు, 1910లో, షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ ఒక రోగి రక్తములో కొడవలివలె వంగిన ఎర్రకణములను గూర్చి ప్రకటించెను. ఈ రెండు కథలును వేరువేరని చిరకాలము తోచినది. 1954లో ఆలిసన్ అను శాస్త్రజ్ఞుడు తూర్పు ఆఫ్రికాలో జరిపిన పరిశోధన వాటిని ఒకటి చేసినది. తల్లిదండ్రులలో ఒక్కరినుండి మాత్రమే ఈ లక్షణము సంక్రమించినవారికి మలేరియా ప్రాణాపాయము తక్కువ. ఇరువురినుండియు సంక్రమించినవారికి అదే వ్యాధి యగును. మన దేశమున 1952లో నీలగిరి గిరిజనులలో ఈ కణములను గుర్తించిరి. అటుపిమ్మట గోదావరి మన్యపు కోయలలోను ఈ లక్షణము కనబడినది. జ్వరమునుండి పెద్దలను కాచిన గుణమే కొందరు పిల్లలకు శాపమైనదన్న మాట.

ఆ శాపము రెండు తావుల దెబ్బతీయును. మొదటిది ప్లీహము. కడుపులో ఎడమవైపున ఉండు ఈ అవయవము పెరిగినప్పుడు మన పల్లెలలో దానిని బల్ల యందురు. రక్తములో చేరిన సూక్ష్మజీవులను వడకట్టి నశింపజేయుట దాని పని. వంగి బిరుసెక్కిన కణములు దాని సన్నని దారులను మూసివేయగా, ఆ కావలివాడు క్రమముగా పని మానును. కంటికి ప్లీహము ఉన్నను పనికి లేనట్లేయని 1969లో అమెరికా వైద్యులు నిరూపించిరి. అట్టి పిల్లలకు న్యుమోనియా క్రిమి రక్తములో ప్రవేశించినచో కొద్ది గంటలలోనే ప్రాణములమీదికి రావచ్చును. పుట్టుకతో రక్షణశక్తి చాలినంత ఉన్నను అది నడుమ నశించుటయే ఇది.

రెండవ దెబ్బ మెదడునకు. అవధానమన్న మాట తెలుగువారికి కొత్తది కాదు. ఎనిమిది వైపులనుండి వచ్చు ప్రశ్నలను మనస్సున నిలుపుకొని, వేనిని విడువక, వేనితో కలగక సాగుటయే అష్టావధానము. బాలుడు బడిలో చేయవలసినదియు చిన్న అవధానమే. దానికి మెదడు ముందుభాగము ప్రధానము. అచటి సన్నని నాళములలో రక్తము ఆగినచో చిన్నచిన్న తావులు ప్రాణవాయువు లేక నశించును. కాలు చేయి పడిపోదు, మాట తడబడదు. కనుక ఎవరికిని తెలియదు. అమెరికాలోని పరీక్షలలో, తీవ్రరూపమున ఈ వ్యాధి గల బాలలలో సుమారు నాల్గవవంతు మందికి ఆరేండ్లు నిండకమునుపే ఇట్టి నిశ్శబ్దపు గాయములు కానవచ్చినవి. వారిలో ఏకాగ్రత తగ్గుట, చదువున వెనుకబడుట అధికము. రక్తహీనతవలని అలసట, నొప్పులవలన తప్పిన బడిదినములు ఈ భారమును పెంచును.

కావున రక్షణశక్తి లోపము ఏకాగ్రతను నేరుగా చెరచినదని అనరాదు. రెండును ఒకే రక్తపు బిడ్డలు, తోబుట్టువులు. భారతీయులలో చాలమందికి శిశుప్రాయపు రక్తగుణము కొంత ఎక్కువగా నిలిచియుండుటచే వ్యాధి తీవ్రత తగ్గవచ్చును. అయినను అందరికిని అట్టి అదృష్టము ఉండదు.

శుభవార్తయు కలదు. 1986లో 215 మంది పిల్లలపై జరిపిన పరిశోధనలో, దినదినము పెన్సిలిన్ ఇచ్చుటచే న్యుమోనియా క్రిమివలని తీవ్రవ్యాధులు నూటికి 84 వంతులు తగ్గినవి. హైడ్రాక్సీయూరియా అను మందు నొప్పులను తగ్గించును. న్యుమోనియా క్రిమినుండి కాచు టీకా 2021 నాటికి దేశమంతటను శిశువులకు ఉచితముగా అందు పథకములో చేరినది. 2023 జూలై 1న భారతప్రభుత్వము సికిల్ సెల్ రక్తహీనతను 2047 నాటికి నిర్మూలింప సంకల్పించి, నలువదియేండ్లలోపు వయస్సుగల ఏడుకోట్లమందికి రక్తపరీక్ష చేయు కార్యక్రమమును ఆరంభించెను.

చంచలుడైన ప్రతి బాలుడును రోగి యని దీని భావము కాదు. ఒక్క వైపునుండి లక్షణము వచ్చినవారు సాధారణముగా ఆరోగ్యవంతులే. వారిని చిన్నచూపు చూచుట అన్యాయము. అట్టివారు ఇరువురు వివాహమాడినచో ప్రతి కాన్పునందును బిడ్డకు వ్యాధి వచ్చు సంభావ్యత నాల్గింట ఒక వంతు అని ముందుగా తెలిసికొనుట మాత్రము మేలు. గూడెము పాఠశాలలో తరచు జ్వరపడి, కీళ్లు నొచ్చి, కన్నులు పచ్చబారి, పాఠమున నిలువలేని పిల్లవాడు కనిపించినపుడు ఉపాధ్యాయుడు బెత్తము అందుకొనకమునుపు అతనిని రక్తపరీక్షకు పంపవలెను. ఒక వ్రేలికొసనుండి తీసిన రక్తపుచుక్క ఆ బాలునిపై పడిన బద్ధకస్థుడను నిందను తొలగింపవచ్చును. అంతకుమించి అతని ప్రాణమునే నిలుపవచ్చును.