రాతి కమాన్ల నీడన పెళ్లి బజారు

పాలకుర్తి చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లి కుదిరిందంటే, బట్టలకు వరంగల్ పోదామా, పట్నం పోదామా అన్న ముచ్చట మొదలవుతుంది. పట్నమే అని తేలితే జనగామలో రైలెక్కి సికింద్రాబాద్ చేరి, సిటీ బస్సులో మదీనా బిల్డింగు దగ్గర దిగుతారు. అక్కడి నుంచి చార్మినార్ వైపు సాగే బాటే పత్తర్‌గట్టి. రోడ్డుకు రెండు వైపులా రాతి కమాన్లు బారులు తీరి ఉంటాయి. వాటి కింద నీడపట్టున నడవా, నడవా వెంట దుకాణాలు.

ఈ నేలకు బట్టల మీద మోజు ఇవాళ్టిది కాదు. పాలకుర్తి పేరును ఇంటిపేరుగా మోసిన పాల్కురికి సోమనాథుడు తన కావ్యంలో చీరల రకాలను పేరుపేరునా వరుసపెట్టాడు. కాకతీయుల కాలంలో జనం ఏం కట్టుకున్నారో చెప్పేందుకు సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో ఆ కవినే ఆసరా చేసుకున్నారు. శివభక్తి పాడుతూ కూడా చీరల అందాన్ని మరవని కవి ఆయన.

పత్తర్‌గట్టి పుట్టుక వెనుక ఒక పెద్ద విషాదం ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచేసింది. వేల మంది కొట్టుకుపోయారు, నది ఒడ్డు పేటలు నేలమట్టమయ్యాయి. ఆ తర్వాత ప్లేగు భయం. ఇరుకు గల్లీలు, గాలి సోకని ఇళ్లు ఇంకా ఎన్ని ప్రాణాలు తీస్తాయోనన్న ఆందోళన పాలకులను కదిలించింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి వరదల నివారణకు పథకం వేశారు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ ఆ ఆలోచన ఫలాలే. 1911లో గద్దెనెక్కిన నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో, ఆ మరుసటి ఏడాదే సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. మురికిపేటలు తొలగించడం, రోడ్లు వెడల్పు చేయడం, పేదలకు ఇళ్లు కట్టడం దాని పని. చార్మినార్‌కు దారితీసే పాత బజారును వెడల్పు చేసి, రెండు పక్కలా రాతి కట్టడాలు లేపింది ఆ బోర్డే.

కట్టిన తీరు చూడముచ్చటగా ఉంటుంది. హైదరాబాద్ గుట్టల్లో దొరికే గ్రానైటునే చెక్కి కమాన్లు నిలిపారు. కింద వ్యాపారం, పైన నివాసం. దుకాణాలను కాస్త లోపలికి జరిపి, ముందు భాగాన్ని నడిచేవాళ్లకు వదిలారు. ఎండ మండే మే నెలలోనూ, ముసురు పట్టిన శ్రావణంలోనూ కొనేవాడు తలదాచుకుని దుకాణం తర్వాత దుకాణం చూసుకుంటూ పోవచ్చు.

ఇలాంటి నీడబజార్లు యూరప్‌లో అంతకు నూరేళ్ల ముందే వెలిశాయి. బురద, బండ్ల తాకిడి తప్పించుకుని షోకుగా తిరగడానికి పారిస్‌లో గాజుకప్పుల సందులు వచ్చాయి. లండన్‌లో బర్లింగ్టన్ ఆర్కేడ్ 1819లో తెరిచారు. అక్కడ యూనిఫాం వేసిన కాపలాదారులు ఉంటారు. ఈల వేయొద్దు, పరుగెత్తొద్దు, లోపల గొడుగు విప్పొద్దు అన్నవి పాత నియమాలు. మిలాన్‌లో జుసెప్పె మెంగోని గీసిన గలేరియా 1867లో మొదలైంది. ఇనుప చట్రం మీద గాజు గుమ్మటం దాని ఠీవి. మన ఎండకు అలాంటి గాజుకప్పు వేస్తే అది బజారు కాదు, బట్టీ అవుతుంది. పత్తర్‌గట్టి మందపాటి రాయిని నమ్ముకుంది. అంతకన్నా మెచ్చుకోవలసింది, దానికి గేటు లేకపోవడం. కొనగలిగినవాళ్లకూ, ఊరికే చూసి పోయేవాళ్లకూ అదే నీడ.

ఖరీదైన సరుకుకు మాత్రం ఇక్కడ కొదవ లేదు. జరీ పనితనం మెరిసే ఖడా దుపట్టాలు, షేర్వానీలు, పట్టుచీరలు, అత్తరు సీసాలు, ముత్యాల దండలు. ఒకప్పుడు పర్షియన్ గల్ఫ్ నుంచి బస్రా ముత్యాలు వచ్చేవి. ఇప్పుడు అమ్మేవాటిలో చాలా వరకు చైనా మంచినీటి ముత్యాలు. మచ్లీ కమాన్ దాటితే గుల్జార్ హౌజ్, ఆ పైన చార్మినార్. దాని పక్కనే లాడ్ బజార్. లక్కతో చేసే హైదరాబాద్ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పెళ్లివారు ఉదయం వస్తే చీకటి పడేదాకా తెమలరు.

సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పేరు చెప్పుకునే ఇంకో రాతి కట్టడం మొజంజాహీ మార్కెట్. నిజాం రెండో కొడుకు, బోర్డు అధ్యక్షుడు మొజంజా పేరు మీద 1935లో అది సిద్ధమైంది. గడియారపు గోపురం నుంచి రెండు చేతులు చాచినట్టు దుకాణాల వరసలు. పండ్ల వ్యాపారం తరలిపోయాక, గోడలకు రేకులూ ప్లాస్టిక్ పట్టాలూ వేలాడి కళ తప్పింది. 2018లో మరమ్మతులు మొదలుపెట్టి, అడ్డుగా కట్టినవన్నీ తీసేసి, రాయి కడిగి, 2020 ఆగస్టులో మళ్లీ అప్పగించారు. ఇప్పుడు సాయంత్రాలు అక్కడ ఐస్‌క్రీం తినే కుటుంబాలతో ముంగిలి నిండిపోతోంది.

పత్తర్‌గట్టికి అంతటి శ్రద్ధ ఇంకా అందాల్సి ఉంది. కమాన్లకు అడ్డంగా బోర్డులు, స్తంభాల మీద కరెంటు తీగలు, నడవాలో పేర్చిన సరుకు. రోడ్డు మీది జనసమ్మర్దంలో తల ఎత్తి చూసే తీరిక ఎవరికీ ఉండదు. కానీ రంజాన్ రాత్రులు వేరు. దుకాణాలు తెల్లవారుజామువరకు తెరిచే ఉంటాయి. సెహరీకి ముందు గిరాకీ పెరుగుతుంది. దీపాల వెలుగు కింది నుంచి కమాన్లకు తగిలి, పగలు దుమ్ములో కనిపించని చెక్కుడు పనితనం అప్పుడు స్పష్టంగా బయటపడుతుంది. చూడదలచినవాళ్లు ఆ వేళకు పోవాలి. మదీనా నుంచి గుల్జార్ హౌజ్ దాకా కుడివైపు నడవాలో పోయి, ఎడమవైపు నడవాలో తిరిగి వస్తే రెండు వరసలూ తీరిగ్గా చూడవచ్చు.