జామియా మిల్లియా: పట్టా, గుర్తింపు

పూర్వం ఇస్లామీ విద్యాలోకంలో పట్టా ప్రసాదించేవాడు ఉస్తాదే. తన వద్ద ఫలానా గ్రంథం చదివిన శిష్యుడు దానిని ఇతరులకు బోధించవచ్చునని ఆయన ఇచ్చే అనుమతిని ‘ఇజాజత్’ అనేవారు. దానితో విద్యార్థి మరో నగరానికి పోయి పైచదువు సాగించేవాడు. ఆంగ్లేయుల పాలనలో ఈ అధికారం సర్కారు నెలకొల్పిన విశ్వవిద్యాలయాల చేతికి పోయింది. అలీగఢ్ కళాశాల సైతం మొదట కలకత్తాకు, తరువాత అలహాబాదుకు అనుబంధంగానే నడిచింది.

1920 అక్టోబరు 29న అలీగఢ్‌లోనే వెలసిన జామియా మిల్లియా ఇస్లామియా ఈ కట్టును తెంచుకొన్నది. సహాయ నిరాకరణోద్యమంలో పుట్టిన ఆ సంస్థ సర్కారు ధనాన్నీ, గుర్తింపునూ కాదన్నది. 1925లో ఢిల్లీకి తరలింది. హైదరాబాదులో జన్మించిన జాకిర్ హుస్సేన్ గారు బెర్లిన్‌లో డాక్టరేటు పొంది, 1926లో దాని బాధ్యత వహించారు. నెలకు 150 రూపాయలకు మించని జీతంతో 20 ఏండ్లు సేవ చేస్తామని అధ్యాపకులు ప్రతిజ్ఞ పూనారు.

అయితే అధ్యాపకులు తమ త్యాగాన్ని తామే ఎంచుకొన్నారు. గుర్తింపు లేని పట్టాతో కొలువుకో, పైచదువుకో పోదలచిన విద్యార్థి మోసిన భారం వేరు. ఆ సంస్థకు విశ్వవిద్యాలయంతో సమాన ప్రతిపత్తి 1962లోనూ, పార్లమెంటు చట్టం ద్వారా కేంద్రీయ విశ్వవిద్యాలయ హోదా 1988లోనూ లభించాయి.

నేడు మదర్సాలు, కళాశాలలు స్థాపించే పెద్దలు ఈ చరిత్రను గమనించాలి. గుర్తింపు కోసం ఆశయాన్ని వదులుకోరాదు. ఆశయం పేరిట విద్యార్థి ముందుదారిని మూసివేయనూ రాదు. ప్రవేశం ఇచ్చేనాడే, ఈ పట్టా ఎక్కడ చెల్లుతుందో వానికి స్పష్టంగా చెప్పడం అమానతు.