స్వతంత్రమనుకున్న కణం: పౌరుష గ్రంథి క్యాన్సర్‌లో హార్మోను, జీవక్రియ భావనల చరిత్ర

క్యాన్సర్ కణం శరీర శాసనానికి లోబడదని, తనంతట తానే పెరుగుతుందని 20వ శతాబ్ది తొలి దశకాలలో వైద్యలోకం విశ్వసించింది. ఈ విశ్వాసాన్ని మొదట గట్టిగా కదిలించినది క్యాన్సర్ పరిశోధనాలయం కాదు; ప్రొస్టేట్ అని వ్యవహరించే పౌరుష గ్రంథి స్రావాన్ని కొలుస్తూ వచ్చిన ఒక శస్త్రవైద్యుడు.

కెనడాలోని హాలిఫాక్స్‌లో 1901లో జన్మించిన చార్లెస్ హగ్గిన్స్ 1927లో చికాగో విశ్వవిద్యాలయంలో చేరారు. కుక్కలలో ఈ గ్రంథి స్రావం మూత్రంతో కలవకుండా విడిగా సేకరించే శస్త్రపద్ధతిని ఆయన బృందం రూపొందించింది. వృషణాలను తొలగిస్తే స్రావం ఇంకిపోయేది. టెస్టోస్టెరాన్ ఇస్తే మళ్లీ ఊరేది. ఈస్ట్రోజెన్ ఇస్తే తిరిగి తగ్గేది. మనిషిని మినహాయిస్తే ఈ గ్రంథిలో సహజంగా కణుతులు తరచుగా ఏర్పడే జంతువు కుక్కే. జీవక్రియా ప్రయోగం మధ్యలో అటువంటి కుక్క తారసపడితే పరిశోధకులకు మొదట చికాకు కలిగేది. తరువాత అటువంటి కుక్కల కోసమే వెతికారు. హార్మోను తగ్గినప్పుడు ఆ కణుతులు కుంచించుకుపోవడమే అందుకు కారణం.

మనుషులలో దీనిని పరీక్షించడానికి ఒక కొలమానం కావలసివచ్చింది. ఈ గ్రంథిలో ఆమ్ల ఫాస్ఫటేజ్ అనే ఎంజైము విస్తారంగా ఉందని 1935లో జర్మన్ పరిశోధకులు కుట్షర్, వోల్‌బర్గ్స్ వెల్లడించారు. క్యాన్సర్ ఎముకలకు పాకిన రోగుల రక్తంలో అది పెరుగుతుందని 1938లో న్యూయార్క్‌లో గట్‌మన్ దంపతులు చూపారు. 1941లో హగ్గిన్స్, క్లారెన్స్ హాడ్జెస్ ప్రకటించిన ఫలితాలకు ఈ ఎంజైమే సాక్ష్యం: వృషణాలు తొలగించినా, ఈస్ట్రోజెన్ ఇచ్చినా అది తగ్గింది, పురుష హార్మోను ఇస్తే పెరిగింది. నొప్పి తగ్గిందని రోగి చెప్పే మాటను ఎవరైనా శంకించవచ్చు; రక్తపరీక్ష అంకెను కాదనడం అంత సులభం కాదు. 1966లో హగ్గిన్స్‌కు నోబెల్ బహుమతి లభించింది.

అయితే వ్యాధి తిరిగివచ్చేది. మిగిలిన హార్మోను అధివృక్క గ్రంథుల నుంచి అందుతున్నదేమోనని 1945లో హగ్గిన్స్, విలియం స్కాట్ ఆ గ్రంథులను కూడా తొలగించి చూశారు. కార్టిసోన్ చికిత్సకు అందుబాటులో లేని ఆ రోజులలో అది రోగులకు మేలు చేయలేదు. ఆలోచన సరైనదే, దానికి తగిన సాధనం లేదు. మరోవైపు, సులభమైన మాత్రగా ప్రచారం పొందిన కృత్రిమ ఈస్ట్రోజెన్ డైఇథైల్‌స్టిల్బెస్ట్రాల్ రోజుకు 5 మిల్లీగ్రాముల మోతాదులో గుండె, రక్తనాళ మరణాలను పెంచుతున్నదని 1960లలో అమెరికన్ మాజీ సైనికుల ఆసుపత్రులలో జరిగిన పరీక్షలు తేల్చాయి. క్యాన్సర్‌ను అదుపు చేస్తూనే రోగిని కోల్పోవడమంటే ఇదే.

తిరిగివచ్చిన వ్యాధికి వైద్యులు ‘హార్మోను నిరపేక్షం’ అని పేరు పెట్టారు. ఈ పేరు చేసిన చేటు తక్కువేమీ కాదు. పాత స్వతంత్ర కణ సిద్ధాంతమే దానిలో మరో రూపంలో ప్రవేశించింది; చికిత్సకు హార్మోను మార్గం ముగిసిపోయిందన్న భావన బలపడింది. 1995లో ఫిన్లాండ్‌లో విసాకోర్పి బృందం ఆ భావనను ప్రశ్నార్థకం చేసింది. హార్మోను చికిత్స తరువాత తిరిగివచ్చిన కణుతులలో సుమారు 30 శాతంలో ఆండ్రోజెన్ గ్రాహక జన్యువు ప్రతులు పెరిగాయి. అదే రోగుల చికిత్సకు ముందటి నమూనాలలో ఆ పెరుగుదల లేదు. అంటే కణం హార్మోనును విడనాడలేదు. అతిస్వల్ప మోతాదును కూడా గ్రహించే విధంగా మారింది. కణుతిలోనే పురుష హార్మోను తయారవుతుందని తరువాతి అధ్యయనాలు చూపాయి. ఆ తయారీని అడ్డుకునే అబిరాటెరోన్‌కు 2011లో, గ్రాహకాన్ని నిరోధించే ఎంజలుటమైడ్‌కు 2012లో అమెరికాలో అనుమతి లభించింది. 1945లో శస్త్రంతో ఆశించినది ఔషధంతో సాధ్యపడడానికి ఆరు దశాబ్దాలకు పైగా పట్టింది.

ఈ గ్రంథి భంగపరచిన సూత్రం మరొకటి ఉంది. క్యాన్సర్ కణాలు ఆమ్లజని ఉన్నా గ్లూకోజును లాక్టిక్ ఆమ్లంగా మార్చుకుంటాయని 1920లలో ఆటో వార్‌బర్గ్ చూపారు. పౌరుష గ్రంథిలో పరిస్థితి దాదాపు తలక్రిందులు. ఇక్కడ ఆరోగ్యకర కణమే అసాధారణమైనది. అది జింకును భారీగా నిల్వ చేసుకుంటుంది. జింకు అకోనిటేజ్ ఎంజైమును అడ్డుకుంటుంది. ఫలితంగా సిట్రేట్ దహనం కాకుండా స్రావంలోకి చేరుతుంది. శక్తి దృష్ట్యా ఇది దుబారా. ఈ ఏర్పాటును పురుష హార్మోనే నియంత్రిస్తుందని అమెరికాలో కాస్టెల్లో, ఫ్రాంక్లిన్ దీర్ఘకాల పరిశోధనలు తెలిపాయి. క్యాన్సర్‌గా మారిన కణం జింకును కోల్పోతుంది. సిట్రేట్‌ను దహించి శక్తి రాబట్టుకుంటుంది, కొవ్వు ఆమ్లాల తయారీకీ వాడుకుంటుంది. ఆ కొవ్వు తయారీని కూడా ఆండ్రోజెన్ గ్రాహకమే ప్రేరేపిస్తుంది. అనేక క్యాన్సర్లను పట్టిచ్చే గ్లూకోజ్ ఆధారిత పెట్ స్కాన్‌లో ఈ గ్రంథి క్యాన్సర్ తొలిదశలో తరచుగా స్పష్టంగా కనిపించకపోవడానికి, గ్లూకోజుపై దాని ఆధారం అప్పటికి స్వల్పంగా ఉండడం ఒక ముఖ్య కారణం.