ఆకు మీద దొరికిన రుజువు

సీతాకోకచిలుక జీవితచక్రాన్ని తేల్చిచెప్పిన ఘనత డచ్ శాస్త్రజ్ఞుడు యాన్ స్వామర్‌డామ్‌కు ఇవ్వడం వాడుక. గొంగళిపురుగు చర్మం కింద రెక్కలు ముందే రూపుదిద్దుకుంటున్నాయని ఆయన కోసి చూపించాడు. 1669లో పుస్తకం అచ్చువేశాడు. ఒక ప్రాణి చచ్చి మరొకటి పుడుతుందన్న పాత నమ్మకం దాంతో బీటలువారింది. కాదనలేం. కానీ కత్తికి తెలిసేది లోపలి సంగతే. పురుగు ఏ ఆకు తింటుందో, గూడు ఎప్పుడు కడుతుందో పెంచి చూసినవాళ్లకే తెలుస్తుంది. ఆ పని ఓపికగా చేసింది మరియా సిబిల్లా మెరియన్. 1660లో, పదమూడేళ్ల వయసులో, ఫ్రాంక్‌ఫర్ట్‌లో పట్టుపురుగులతో మొదలుపెట్టింది. 1679లో వచ్చిన ఆమె పుస్తకంలో గుడ్డు, గొంగళి, ప్యూపా, రెక్కల పురుగు నాలుగూ అవి బతికే మొక్క మీదే, ఒకే బొమ్మలో కనిపిస్తాయి.

అంతకుముందే డచ్ చిత్రకారుడు యోహానెస్ గూడార్ట్ ఈ దశలు గీశాడు కదా అనవచ్చు. గీశాడు, గుడ్డును మాత్రం వదిలేశాడు. పురుగు ఎక్కడి నుంచి పుడుతుందన్న అసలు చిక్కుముడి ఉన్నది అక్కడే. దక్షిణ అమెరికాలోని సురినామ్ పురుగుల మీద 1705లో మెరియన్ వేసిన పుస్తకంలో తప్పులున్నాయన్నదీ నిజమే: లాంతరు పురుగు తల వెలుగుతుందని రాసింది, వెలగదు. అయితే విమర్శకులు పక్షిని తినే సాలీడు బొమ్మను కూడా కట్టుకథగా కొట్టిపారేశారు. 19వ శతాబ్దంలో ఆంగ్ల ప్రకృతి శాస్త్రజ్ఞుడు హెన్రీ వాల్టర్ బేట్స్ అమెజాన్‌లో అలాంటి సాలీడును కళ్లారా చూసి రాశాడు.